పోల్కా కవరులో నాలుగో గొంతు

దయ్యాలను నేను నమ్మను. నమ్మే వీలు మా నాన్న ఇవ్వలేదు. ఆయన మా ఊరి చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రపోతున్నారు, వాళ్ళకి మన కిటికీల దగ్గర పనేమీ లేదు అనేవారు. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. బడికి పంపలేదు. చదువంతా ఇంట్లో నాన్న దగ్గరే. బైబిలు, కీర్తనల పుస్తకం, లెక్కలు, కాస్త ఇంగ్లీషు. కుటుంబ ప్రార్థనలో అందరూ పాడుతుంటే నన్ను కళ్ళు మూసుకోమని, ఎవరి గొంతు ఎక్కడ జారిందో చెప్పమనేవారు. చెప్పేదాన్ని. "ఊపిరి తక్కువిచ్చినా చెవులిచ్చాడమ్మా, స్తోత్రం చెప్పు" అనేవారు. రోజూ చెప్పేదాన్ని. పెళ్ళయి అమెరికా వచ్చాక కూడా.

2009లో మావారి ప్రాజెక్టు పార్సిప్పనీ నుంచి పెన్సిల్వేనియాలో ఒక పాత బొగ్గుగనుల ఊరికి మారింది. నాది హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఉన్న ఒక్క కారూ ఆయనతో ఆఫీసుకి పోయేది. నేను నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నది వాడేసిన సామాను అమ్మే ఒక థ్రిఫ్ట్ స్టోర్ మాత్రమే. ఆ మాత్రం ఉన్నందుకూ స్తోత్రమే.

ఊళ్ళో ముసలివాళ్ళు పోతే వాళ్ళ సామాను అక్కడికి వచ్చేది. వెనక గోడ దగ్గర అట్టపెట్టెల్లో పాత ఎల్పీ రికార్డులు. సగం గాస్పెల్, అంటే చిన్న చిన్న చర్చిలవాళ్ళు సొంత ఖర్చుతో చేయించుకున్న భక్తి పాటలు. సగం పోల్కా, అంటే పోలండ్ నుంచీ ఆ చుట్టుపక్కల దేశాల నుంచీ గనుల్లో పనికి వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించుకుంటూ ఆడిన పాటలు. తల్లి పాడిన పాటలను చెత్తసంచిలో కట్టి, కారు ఇంజిను కూడా ఆపకుండా గుమ్మంలో దింపి వెళ్ళిన పిల్లలను చూశాను. సంచి విప్పితే కవరు మీద ఫోటోలో ఆ తల్లే ఉండేది.

అక్కడే ఒక పాత ప్లేయర్ కొన్నాను. మావారు దాన్ని లాప్‌టాప్‌కి కలిపి ఇచ్చారు. రికార్డులు తెచ్చుకుని, తుడిచి, పాటలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక చిన్న బ్లాగులో అందరికీ పెట్టేదాన్ని. ఒక్కో రికార్డు గురించి రెండు మూడు వాక్యాలు రాసేదాన్ని. "ఆ డ్రమ్ములు వాయించింది మా తాత, థాంక్స్" అని ఎక్కడెక్కడి నుంచో మెయిల్స్ వచ్చేవి. ఆ రోజంతా కడుపు నిండినట్టుండేది.

ఒకసారి ఒక పోల్కా రికార్డు కొన్నాను. కవరు మీద ఎర్ర చొక్కాల్లో ఐదుగురు మగవాళ్ళు, మధ్యలో అకార్డియన్ పట్టుకుని నవ్వుతున్న మనిషి. ఇంటికొచ్చి తీస్తే లోపల వేరే రికార్డు ఉంది. దాని మీద ఏదో చర్చి పేరు, ఒక ఇంటిపేరు, పక్కన సిస్టర్స్ అని. ఎంతమందో లేదు. ఫోటో లేదు. కవర్లు మారిపోవడం మామూలే.

ముల్లు పెట్టి, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే గొంతులు లెక్కపెట్టాను. నాలుగు. మూడు పైన, ఒకటి కింద. కింది గొంతు కాస్త బొంగురు. మొదటి పాట చివరి చరణంలో ఆవిడ ఒక మాటను మధ్యలో తెంపి ఊపిరి తీసుకుని, మిగతావాళ్ళను కొంచెం ఆలస్యంగా కలుస్తుంది. నేనూ అలాగే పాడతాను. అందుకే నచ్చిందేమో. "నలుగురు అక్కచెల్లెళ్ళు, కింది గొంతు అన్నిటికన్నా బాగుంది" అని రాశాను. ఒహాయోలో చర్చి కోయిర్ నడిపే ఒకాయన కూడా నిజమే, ఆ కింది గొంతే పాటని మోస్తోంది అని కామెంటు పెట్టాడు. ఇది నా ఒక్కదాని చెవి భ్రమ కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

తర్వాత ఒక మెయిల్ వచ్చింది, అన్నీ పెద్దక్షరాల్లో. మేము ముగ్గురమే, సరిచెయ్యి అని. కింద డోరిస్ అని పేరు.

మావారికి వినిపించాను.

"కరుణా, నాకు ముగ్గురు పాడినా ఒకటే, ముప్పై మంది పాడినా ఒకటే. ఆవిడ పాట ఆవిడకి తెలీదా? ఎడిట్ చేసెయ్, ఇష్యూ క్లోజ్."

మళ్ళీ విన్నాను. నలుగురే. అబద్ధం రాయడానికి చేతులు రాలేదు. మీరే వచ్చి వినండమ్మా, మీ రికార్డు మీరు తీసుకువెళ్ళండి అని జవాబు రాశాను.

శనివారం పొద్దున డోరిస్ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పడవంత కారు తనే నడుపుకుంటూ. "లెక్క రాని అమ్మాయివి నువ్వేనా?" అంది గుమ్మంలోనే. నవ్వుతూనే అంది. టీ ఇచ్చాను. పక్కనే ఉన్న కవరు చూసి కప్పు కింద పెట్టేసింది.

అకార్డియన్ మనిషి మీద వేలు పెట్టి, "ఇతను మా రూత్ మొగుడు" అంది.

రూత్ ఆఖరి చెల్లెలు. కింది గొంతు తనదే. వాళ్ళ చర్చిలో నాట్యం పాపం. రికార్డింగుకి కొద్ది వారాల ముందు రూత్ ఈ పోల్కా అతన్ని పెళ్ళి చేసుకుంది. తండ్రి ఆమె పేరు తీసేసి ముగ్గురితోనే పాడించాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ రూత్‌తో మాట్లాడలేదు, డోరిస్ కూడా. రూత్ భర్త ముందే పోయాడు. పిల్లలు లేరు. కిందటి చలికాలం రూత్ ఒక నర్సింగ్ హోములో పోయిందని డోరిస్ పేపర్లో చూసి తెలుసుకుంది. మా ఊళ్ళో అయినా అలాగే వెలివేసేవాళ్ళు. మా నాన్న కూడా చేసేవారేమో.

"ఈ రికార్డు మేము తనకి ఇవ్వలేదు. ఎక్కడ కొనుక్కుందో! మొగుడి కవర్లో దాచుకుంది" అంది.

పాట పెట్టాను. కింది గొంతు ఎప్పటికన్నా స్పష్టంగా వచ్చింది. డోరిస్ స్పీకరు దగ్గరికి వంగి కూర్చుంది.

"ఇప్పుడు పాడుతోందా?"

"పాడుతోందమ్మా."

"ఇప్పుడూ?"

తలూపాను. ఆవిడకి ముగ్గురే వినిపిస్తున్నారు. వినికిడి మిషను మార్చి పెట్టుకుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ముగ్గురే. చివరికి, "నీకు వినిపించేది పాడి చూపించు" అంది. రికార్డుతో పాటు కింది గొంతుని పాడాను. చివరి చరణంలో ఆ మాటను తెంపి ఊపిరి తీసుకున్నాను. డోరిస్ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కడే తీసేది. దానికే నాన్న తిట్టేవాడు."

నా చేతిని చాలాసేపు వదల్లేదు. వదిలాక అడిగింది, "నువ్వెవరని నీకు వినిపించాలి? నేను దాని అక్కని."

నేను రికార్డు మీంచి ముల్లు ఎత్తేశాను.

వెళ్తూ, ఇంటర్నెట్‌లోంచి తీసెయ్యమంది. "ఊరందరికీ పాడుతుంది, నాకు తప్ప." రికార్డు ఇవ్వబోతే తీసుకోలేదు. "ముగ్గురు పాడింది మా ఇంట్లో ఉంది" అంది. ఆ సాయంత్రమే తీసేశాను. తర్వాత రాసిన మెయిల్స్‌కి ఆవిడ జవాబివ్వలేదు.

మావారు రకరకాలుగా చెప్పి చూశారు. హాల్లో ప్రతిధ్వని అన్నారు, మూడు గొంతులు కలిస్తే నాలుగోది పుట్టినట్టు ఉంటుందన్నారు. రూత్ జీవితమంతా ఆ రికార్డుతో గొంతు కలిపి పాడుకుని ఉంటుంది అన్నాను. "పాడితే మాత్రం, ఒకసారి ప్రెస్ చేసిన ప్లాస్టిక్ మీద ఇంకో గొంతు ఎలా ఎక్కుతుంది?" అన్నారు. అదీ నిజమే. ప్రతిధ్వని ఊపిరి ఎలా తీసుకుంటుంది అని నేనడిగాను.

తర్వాత ఆ ఊరు వదిలి హెర్న్‌డన్ వచ్చేశాం. రికార్డు ఆ పోల్కా కవర్లోనే నా దగ్గరుంది. ఎప్పుడు పెట్టినా నలుగురే. ఎందుకో, ఎలాగో, ఇప్పటికీ నాకు తెలియదు.

అన్నం ముందు, నిద్ర ముందు అన్నిటికీ స్తోత్రం చెప్పుకునే అలవాటు పోలేదు. ఊపిరికి చెబుతున్నాను. ఇంటికి చెబుతున్నాను. చెవుల దగ్గరికి వచ్చేసరికి, డోరిస్ వచ్చి వెళ్ళిన రోజు నుంచి, ఆ ఒక్క మాటా దాటేస్తున్నాను.