గట్టి బుష్షులు

మా ఆయన పోయినంక కారు వాకిట్లనే ఉండిపోయింది. మా మరిది వచ్చి, అమ్మేద్దాం వదినె, ఊకె పెట్టుకొని ఏం చేస్తమన్నడు. నేను సరే అనలే, వద్దనలే. చాయ పోసి ఇచ్చిన. మరిది చాయ తాగి ఎల్లిపోయిండు.

నేను మోస్రా బడిల టీచర్ను. మా ఆయన బతికున్నప్పుడు పొద్దుగాల కారుల దింపిపోయేటోడు, సాయంత్రం నేను బస్సుల వచ్చేదాన్ని. డ్రైవింగ్ ఆయననే నేర్పిండు గని నాకు ఎన్నడూ అవసరం పడలే. సెలవులు అయిపోయిన తెల్లారి తాళంచెవి తీసుకొని నేనే నడుపుకుంట మోస్రా పోయే వర్ని రోడ్డు పట్టిన. స్టాఫ్‌రూముల అందరు మంచి ధైర్యమే నీది అన్నరు. అది ధైర్యం కాదు. నాకు ఏమీ అనిపిస్తలేకుండె. అన్నం తిన్నా, పాఠం చెప్పినా, కారు నడిపినా అంతా ఒక్కతీరే ఉండె.

స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు చక్రాల కాడ కటకటమని సప్పుడు వచ్చేది. బ్రేక్ కొడితే కారు ఒక పక్కకు గుంజేది. పక్కింట్ల కొట్లాట విన్నట్టు విని ఊకున్న.

ఒక ఆదివారం నా బిడ్డను తీసుకొని బోధన్‌ల ఉన్న మా తల్లిగారింటికి బయలెల్లిన. బిడ్డ తొమ్మిదో తరగతి. ముందట సీట్ల కూసున్నది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ బందైనా చెరుకు పండించేటోళ్ళు ఇంకా ఉన్నరు, ఆ చెరుకంతా దూరపు మిల్లులకు పోతది. ఒక ట్రాక్టర్ రెండు ట్రాలీల నిండ చెరుకుతోని ముందట పోతుండె. దాన్ని దాటేద్దామని పక్కకు తీసిన. ఎదురుంగ బస్సు వచ్చింది. బ్రేక్ తొక్కి స్టీరింగ్ తిప్పితే కారు నా మాట వినలే. ముందు భాగం ఒక దిక్కు, వెనక భాగం ఒక దిక్కు ఊగుకుంట రోడ్డు దిగి వరి మడిల పడ్డది. ఇంకో రెండు గజాలు పోతే కాలువ.

బిడ్డ ఒకటే అరుసుడు. నేను ఇంజన్ బంద్ చేసి, ఇండికేటర్ కొట్టుకుంటుంటే అది సుత బంద్ చేసిన.

ఆ పొలం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయనది. పరిగెత్తుకొచ్చి తలుపు తీసి, "ఏమ్మా, దెబ్బలేం తగల్లేదు కదా?" అని అడిగిండు. నీళ్ళు తెప్పిచ్చి బిడ్డకు తాగిపిచ్చిండు. తొక్కిన వరికి నేనేమన్న ఇస్తనంటే, వద్దమ్మా, ముందు ఇంటికెళ్ళండి అన్నడు. వాళ్ళ ట్రాక్టర్‌తోనే కారును రోడ్డు మీదికి గుంజిచ్చిండు.

బిడ్డ మడి గట్టు మీద కూసొని నన్నే చూస్తున్నది.

"అమ్మా, నీకు భయం కాలేదా?"

"కాలే" అన్న.

అబద్ధం చెప్పినా బాగుండు. ఆనాటి నుంచి బిడ్డ కారెక్కుడు మానేసింది. నా మీద కోపం లేదు, మామూలుగనే మాట్లాడేది. అమ్మమ్మ దగ్గరికి పోవాల్నంటే మాత్రం ఒక్కతే బస్సుల పోయేది. కారు పక్క నుంచి నడిచేటప్పుడు దూరం జరిగి నడిచేది. నాకు బాధ కావాల్సి ఉండె. బాధ కాలే గని, ఇదిట్ల ఉండొద్దని మాత్రం తెలిసింది.

అర్సపల్లి దిక్కు మా ఆయన ఎప్పుడూ పోయే మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన. ఆయన ముందుగాల మా ఆయన గురించి కొద్దిసేపు మాట్లాడిండు, నేను తలూపుకుంట విన్న. తర్వాత కారును లేపి, చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ఇనుప చేతుల సందుల రాడ్ పెట్టి ఆడిచ్చిండు. ఆ చేతుల చివరల ఉండే రబ్బరు బుష్షులు పగిలి పేలికలైనయి. అవి పోతే చక్రం దాని ఇష్టమొచ్చిన దిక్కు పోతదట. వెనకవి సుత గట్లనే ఉన్నయి.

కంపెనీ రబ్బరువి ఏసుకోమన్నడు, మెత్తగ ఉంటయి, ఇంట్లోళ్ళు కూసునే బండికి అవే మంచిగుంటయన్నడు. వేరేవి లేవా అని అడిగిన.

"ఉన్నయి అక్కా, గట్టివి. బండి చెప్పినట్టు వింటది. గాని గుంతలన్నీ నడుముకు తెలుస్తయి."

"గట్టివే వెయ్యి" అన్న. మా ఆయన పోయినంక నా నోటితోని నేను చెప్పిన మొదటి నిర్ణయం అదేనేమో. ఎందుకు చెప్పిన్నో నాకే తెలియదు.

అవి హైదరాబాద్ నుంచి వచ్చేదాక బస్సుల తిరిగిన. బిగిచ్చిన రోజు షెడ్డు ముందట కుర్చీ ఏసుకొని కూసున్న. ప్రెస్ మిషన్ కింద పాత రబ్బరు ముక్కలు ముక్కలుగ ఊడొచ్చింది. కొత్తవాటికి గ్రీజు పెట్టి ఎక్కిచ్చిండు, చక్రాల అలైన్‌మెంట్ చేపిచ్చిండు. అట్లనే మోస్రా దాటి చందూర్ దాక పోయొచ్చిన. మలుపుల కాడ కారు ఎంత తిప్పితే అంతే తిరిగింది. మెకానిక్ చెప్పినట్టే, అతుకులేసిన రోడ్డంతా నడుముకు తెలిసింది.

ఇంటికొచ్చి బిడ్డకు చెప్పిన. బలవంతం లేదు, భయమైతే బస్సుల పోదామన్న. ఆ ఆదివారం వచ్చి వెనక సీట్ల కూసున్నది.

బోధన్ రోడ్డు మీద పోతుంటే బిడ్డ తలుపు మీది పట్టీని గట్టిగ పట్టుకొని కూసున్నది. మలుపు దాటినంక, "ఇప్పుడు ఊగుతలేదు" అన్నది. ఊ అన్న.

"బాపు నడిపితే మెత్తగ ఊగుతుండె. నాకు నిద్ర పట్టేది" అన్నది, ఇగ ఏడుపు ఆపుకోలేకపోయింది.

కారు పక్కకు ఆపి, వెనకకు పోయి దాని పక్కన కూసున్న. నా ఒళ్ళ తల పెట్టింది. నెత్తి మీద చెయ్యేసి నిమిరిన. నాకు సుత ఏడుపొస్తదేమో అని చూసిన. రాలే. చెరుకు ట్రాక్టర్లు పోతుంటే ఆ గాలికి కారు కొద్దిగ కదిలింది, అంతే.

"నాకు ఇంకా ఏం తెలుస్తలేదు బిడ్డా" అన్న. "భయమైతే చెప్పు. నువ్వు చెప్తే మెల్లగ పోత."

అది లేచి మొఖం తుడుసుకున్నది. తలుపు తీసుకొని దిగి, పోయి ముందట సీట్ల కూసున్నది.

ఇప్పుడు ఎక్కడికి పోయినా అక్కడనే కూసుంటది. ఎదురుంగ బస్సు కనబడితే "మెల్లగ, అమ్మా" అంటది. నాకైతే భయం కాదు గని, కాలు బ్రేకు మీద పెడుత.