గొట్టంలో రంగు

నాన్నకు ప్రోస్టేటు ఆపరేషను తప్పదన్నారు. మూత్రం బిగిసిపోయి, గొట్టం వేసి సంచీ తగిలించి అప్పటికే నెల. నా భయం కోత గురించి కాదు, రక్తం గురించి. గుండెలో స్టెంటు వేసినప్పటి నుంచి ఆయన రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు. అవి మానితే గుండెకి భయం, మానకపోతే ఇక్కడ భయం.

విజయనగరంలో డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "కరెంటు తీగతో లోపల గీకి తీసే పద్ధతీ మంచిదే. లేజరుతో అయితే రక్తం తక్కువ పోతుంది, మీ నాన్నగారి లాంటివాళ్లకి అదే మేలు. అసలు పోదని మాత్రం అనను. కొన్ని వారాలు ముక్కకూడదు, బరువులెత్తకూడదు."

సాలూరులో లారీ నడిపే మా మేనమామకు తెలియని వైద్యం లేదు. "లేజరంటే సుక్క రగతం రాదు బావా, దరిజాగా పడుకో" అనేశాడు. నాన్న ఆ ముక్కే పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆపరేషను బాగానే అయింది. లోపల కడగడానికి ఎక్కించే నీళ్లు గొట్టంలో మొదట ఎర్రగా, మర్నాటికి లేత గులాబీ రంగులో వచ్చాయి. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి మళ్లీ చిక్కటి ఎరుపు. నర్సును కేకేసి, నాన్న ముఖం మీది దుప్పటి లాగాను.

బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. పెదవుల మధ్య సన్నాయి పీక! నాన్న గుళ్లో సన్నాయి ఊదే మనిషి. వాయిద్యం ఇంట్లో వదిలేసి, నోట పెట్టుకునే ఆ చిన్న ముక్కను దాచి తెచ్చుకున్నాడు. చప్పుడు రాకుండా చివర వేలితో మూసి, బలమంతా పెట్టి ఊదుతున్నాడు.

"ఏటి సేస్తన్నావు నాన్నా? సచ్చిపోతావా?" అని అరిచాను.

"ముక్కొద్దన్నారు గానీ ఊదొద్దన్నారేటి?"

డాక్టరు పరుగున వచ్చాడు. లోపల కట్టిన రక్తపు గడ్డలు కడిగి, నీళ్ల ధార పెంచాడు. తగ్గకపోతే మళ్లీ థియేటరుకే అన్నాడు. గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి ఎరుపు పలచబడింది.

అప్పుడు నాన్న నెమ్మదిగా అన్నాడు. "మత్తు దిగినకాడి నుంచీ గుబులుగా ఉన్నాదమ్మా. దమ్ము ఉన్నాదో నేదో సూసుకున్నాను."

తిట్టాలనుకున్న మాటలన్నీ ఏడుపైపోయాయి.

"ఉన్నాది నాన్నా. గొట్టం నిండా కనబడింది."