ఊ కొట్టడంలో డిగ్రీ

పాసయ్యాను! ఒకసారి తప్పిన సాహిత్య సిద్ధాంతాల పేపర్లోనే పాసయ్యాను. ఆ ఒక్కటీ పోతే డిగ్రీ లేదు. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ లేని డిగ్రీ! ఫోన్లో రిజల్టు చూసేసరికి మా ఊరు అరియాంకుప్పం వెళ్లే బస్సులో ఉన్నాను. వంతెన కింద ఏరు ఎండకి మెరుస్తోంది. కాసేపు బస్సు నీళ్ల మీద తేలిపోతున్నట్టే అనిపించింది.

ఆ తేలికలోనే ఆ పేపరు మొదటి క్లాసు కళ్లముందుకొచ్చింది. మేడం పాత నాటకం ఒకటి ఇంగ్లీషులో చదువుతున్నారు. ఓడెక్కి దారి తప్పిన రాజు కథ. నాకు సగమే అర్థమవుతోంది. ఆ గొంతు వెంట అలా పోతూ పోతూ, ప్రతి వాక్యం చివరా "ఊ" అంటున్నాను. పైకే! మా ఇంట్లో కథ వినే పద్ధతి అది. ఊ ఆగిందంటే అవ్వ కథ ఆపేస్తుంది. "నిద్దరపోతివా? పో, ఇంక రేపే" అంటుంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడం మాత్రం ఎందుకన్నావని అడిగారు. చెప్పాను. "రాసినవాళ్లు చేసేది సగమే, మిగతా సగం చదివేవాళ్లదని ఒక సిద్ధాంతం ఉంది. నువ్వు దాన్ని ఇంటి నుంచే తెచ్చుకున్నావు" అన్నారు.

అయినా మొదటిసారి పరీక్షలో గైడు బట్టీపట్టి, మధ్యలో మరిచిపోయి తప్పాను. రెండోసారి జవాబులో అవ్వ గురించే రాసేశాను. ఇలా రాయొచ్చా అని రిజల్టు వచ్చేదాకా భయమే.

ఇంటికెళ్లేసరికి అవ్వ తిన్నె మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

"అవ్వా, పాసైతిని!"

"ఆ పొయ్యిన పేపరా? ఈసారి ఏం రాస్తివి?"

"నీ గురించే. నువ్వు కథ జెప్తావుంటే నేను ఊ కొట్టేది."

"పోమ్మే! ఊ కొట్టేదానికి మార్కులా? అట్లయితే మీ తాత మాటలకి నేను కొట్టిన ఊలకి ఎన్ని డిగ్రీలియ్యాల!"

నవ్వి, ఆకుల చేట పక్కకి జరిపింది. "సరి, మీ కాలేజీ కథ ఏందో జెప్పు, విందాం."

"ఒక రాజు ఓడెక్కినాడు" అని మొదలుపెట్టాను. అంతలోనే ఆ ఏరు, ఆ మెరుపు, మేడం గొంతు కలిసిపోయి నన్ను ఎక్కడికో తీసుకుపోయాయి.

"ఏమ్మే, ఆపేస్తివే?" అంది అవ్వ. "నేను ఊ అంటి గదా."