ఒడిలోకి వచ్చిన పూట

మొన్న మా అమ్మాయితో ఇండియన్ షాపుకి వెళ్ళాను. బిల్లు దగ్గర కూర్చునే పిల్ల, గుంటూరు వైపు పిల్లే, ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుంటోందట, నన్ను చూసి నవ్వి, "ఆంటీ, నాగుల చవితి వస్తోంది కదా, నువ్వులు ఫ్రెష్ స్టాక్ వచ్చాయి. చిమ్మిలికి తీసుకోరా?" అంది. పాపం, మంచికే అడిగింది. నేను మాత్రం "వద్దమ్మా" అని వచ్చి కారులో కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి, "చెప్పమ్మా, నేను రాస్తాను" అంది. నాకు సంతకం పెట్టడం తప్ప రాతకోతలు రావు. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

మా ఆయన పోయాక వీళ్ళు నన్ను ఆస్ట్రేలియాకి, ఈ పెర్త్ ఊరికి తెచ్చుకున్నారు. ఊరి చివర పియారా వాటర్స్ అనే పేటలో కొత్త ఇల్లు. వెనక కాస్త గడ్డి, ఆ గడ్డి చివర సున్నపురాళ్ళ గోడ, గోడ అవతల పొదలు. నేను వచ్చిన కొన్నాళ్ళకే మనవరాలు ఏడ్చి గోలచేసి ఒక పిల్లిని తెప్పించుకుంది. బూడిదరంగు ఆడపిల్లి. నేను ఒద్దంటే ఒద్దన్నాను. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఉట్టి మీద పాలు కాపలా కాసినదాన్ని, పిల్లిని తెచ్చి సోఫాలో కూర్చోబెడితే ఎలా ఓర్చుకుంటాను? మనవరాలు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టింది. నాకు నోరు తిరక్క "ఏమేవ్" అని పిలిచేదాన్ని. మా ఆయన నలభై ఏళ్ళు నన్ను పిలిచింది ఆ పిలుపుతోనే. ఆయన పిలిస్తే నేను ఎంత తాపీగా వెళ్ళేదాన్నో, ఇదీ అంత తాపీగానే వచ్చేది.

పొద్దున అందరూ ఆఫీసుకీ స్కూలుకీ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను ఎక్కడ కూరలు తరిగితే అక్కడికి వచ్చి, చెయ్యి చాచినా అందనంత దూరంలో కూర్చునేది. ఊళ్ళో సంగతులు, ఆయన సంగతులు అన్నీ దానికి చెప్పేదాన్ని. వినేది. ఒడిలోకి రావే అని చీర సర్ది కూర్చుంటే మాత్రం మొహం తిప్పుకునేది. "అమ్మమ్మా, షీ ఈజ్ నాట్ ఎ ల్యాప్ క్యాట్" అని నవ్వేది మనవరాలు. మరి నీ ఒడిలో పడుకుంటుందేమే అంటే, "షీ లైక్స్ మై స్మెల్. నీ దగ్గర పోపు వాసన" అనేది. ఒకరోజు తాలింపు వెయ్యకుండా కూడా చూశాను. అయినా రాలేదు.

పోయినేడు నాగుల చవితి వచ్చింది. "పూజగదిలో వెండి పడగ ఉంది కదా అత్తయ్యగారూ, దానికి పోసేద్దాం" అన్నారు అల్లుడు గారు. నాకు మనసొప్పలేదు. పిల్లలున్న ఇల్లు, మట్టిలో పాలు పొయ్యకపోతే ఎలా? పుట్ట లేదు కాబట్టి గోడ వార మట్టి పోగేసి, పసుపు కుంకుమ చల్లి, అందరం పాలు పోశాం. చిమ్మిలి పెట్టాం, కోడిగుడ్డు పెట్టాం. చిన్న గిన్నెలో మిగిలిన పాలు అక్కడే వదిలాం. పిల్లలు తెలియక తొక్కితే కోప్పడక తప్పుకో తండ్రీ అని దండం పెట్టుకున్నాను. మన వైపు చవితి నాటికి చలి మొదలై పాములు లోపలికి పోతాయి. ఇక్కడ అదే నెలలో ఎండలు మొదలై బయటికొస్తాయి. పంచాంగం చూసి తిథి పెట్టుకున్నామే గాని, ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

పిల్లికి పాలు అరగవని డాక్టరు చెప్పిందట, ఇంట్లో చుక్క పొయ్యనిచ్చేవాళ్ళు కాదు. అది తాగిన మొదటి పాలు పాముకి పెట్టినవే.

అందరూ పనులకి పోయాక నేను కిటికీ దగ్గర చిక్కుళ్ళు తుంచుతున్నాను. పిల్లి వెళ్ళి గోడ దగ్గర గిన్నెలో మూతి పెట్టింది. చటుక్కున వెనక్కి ఎగిరింది. గడ్డి మీద నాలుగడుగులు వేసి పక్కకి పడిపోయింది. నేను లేచి వెళ్ళేలోపు అదే లేచింది. ఒళ్ళు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు నడిచి లోపలికి వచ్చింది. ఎండకి తూలిందనుకున్నాను. "ఏమేవ్, దొంగపాలు తాగితే కళ్ళు తిరగవూ?" అని వేళాకోళం కూడా చేశాను.

నేను కూర్చున్నాను. అది వచ్చి, ఎన్నడూ లేనిది, నా ఒడిలోకి ఎక్కి ముడుచుకుని పడుకుంది. చిక్కుడుకాయల బేసిన్ పక్కకి నెట్టేశాను. చీరలోంచి దాని వెచ్చదనం తెలుస్తోంది. కదిలితే దిగిపోతుందేమోనని కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. ఫోన్ మోగితే ఎత్తలేదు. మనవరాలు రాగానే చూపించాలి, నా ఒడిలోనూ పడుకుందే అని చెప్పాలి అనుకుంటూ కూర్చున్నాను.

బండి చప్పుడు విని దిగబోయింది. వెనక కాళ్ళు రాలేదు. కళ్ళు మొత్తం నల్లగా అయిపోయాయి. మా అమ్మాయి చూస్తూనే దాన్ని తువ్వాలులో చుట్టి కారులో పెట్టింది. నేనూ మనవరాలూ వెనక సీట్లో కూర్చున్నాం. డాక్టరమ్మ పరీక్ష చేసి పాముకాటే అంది. మందు ఎక్కించారు గాని అప్పటికే ఆలస్యమైంది. ముందు పడిపోయి వెంటనే లేచి తిరగడం ఈ విషానికి గుర్తట. పడినప్పుడే తెచ్చి ఉంటే అని ఇంగ్లీషులో ఏదో అని ఆగిపోయింది. ఆ మాట మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మనవరాలు దాని చెవి పట్టుకుని, "వేక్ అప్, ప్లీజ్" అంటూనే ఉంది.

ఇంటికొచ్చాక అల్లుడు గారు నన్ను ఓదార్చాలని, "పాప రోజూ అక్కడే చెప్పుల్లేకుండా ఆడుతుంది అత్తయ్యగారూ. పాపకి రావలసింది పిల్లితో పోయింది. మీ పూజ ఫలించిందనుకోండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఔననలేదు. పాప బతికినందుకు వెయ్యి దండాలు. కానీ పిల్లి ప్రాణం బదులుగా ఇస్తానని నేను ఎవరికీ మొక్కలేదు. మనవరాలు విని, "షీ వాజ్ నాట్ ఎ స్వాప్, నాన్నా" అంది. ఆ రాత్రి మనవరాలు నా మంచం మీదే పడుకుంది. "అమ్మమ్మా, షీ కేమ్ టు యూ? రియల్లీ? ఎంతసేపు ఉంది?" అని అడిగింది.

చాలాసేపే ఉందే తల్లీ అన్నాను. అది చచ్చిపోతున్నంతసేపూ ఉంది. ఆయన పోయాక ఇంత హాయిగా ఎప్పుడూ లేనని నేను మురిసిపోతున్నంతసేపూ ఉంది. అవి రెండూ ఒక్క పూటే. లేచి పరుగెత్తాల్సిన వేళ కదలకుండా కూర్చున్నానని గుండె కోసుకుపోతుంది. మళ్ళీ కళ్ళు మూసుకుంటే ఆ బరువే ఒడిలో తెలుస్తుంది. ఏడాది తిరిగొస్తున్నా, ఆ పూటని తిట్టుకోవాలో దాచుకోవాలో నాకింకా తెలియడం లేదు.