ఈశాన్య మూల రాయి

1975 మే నెలలో నేను అనంతపురంలో తాలూకా సర్వేయరుగా ఉండగా, ఊరి అంచునున్న పాత స్మశానానికి హద్దులు చూపించమని ఉత్తర్వు వచ్చింది. మున్సిపాలిటీ వారు చుట్టూ ప్రహరీగోడ కట్టాలనుకున్నారు. ఉత్తరం పక్కనున్న నూనె మిల్లు యజమాని తన భూమి సమాధుల్లోకి చొచ్చుకుని ఉందని అర్జీ పెట్టుకున్నాడు. గోడకు ముందు గీత తేలాలి.

ఆ స్మశానం ఎప్పటిదో చెప్పగలిగినవారు ఊళ్ళో లేరు. పడమటి భాగంలో చెక్కిన నాపరాళ్ళ సమాధులుండేవి, వాటి మీది అక్షరాలు ఏటేటా కొట్టిన సున్నంతో పూడిపోయాయి. ఈశాన్యం మూల పేదలది. అక్కడ తలవైపు ఒక రాయి, పైన నక్కలు తోడకుండా కొన్ని గుండ్లు, అంతే. నేల గట్టి గరుసు. ఒక గుంత తోడడానికి ఒక్కోసారి పొద్దంతా పట్టేది. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాడు పుల్లన్న. కంప కొట్టడం, వానాకాలం కుంగిన గుంతలు పూడ్చడం, పెద్దల అమావాస్యకు ముందు సున్నం వేయడం కూడా అతని పనే. ఎవరు ఎక్కడ ఉన్నారో అతని నోట్లో తప్ప ఏ రిజిస్టరులోనూ లేదు.

మా పని తీరు ఇది. ప్రతి పొలం మూలలోనూ సర్వే రాయి ఉంటుంది, దాని తల మీద ప్లస్ గుర్తు చెక్కి ఉంటుంది. రాయికీ రాయికీ మధ్య దూరం క్షేత్ర కొలతల పుస్తకంలో లింకుల్లో రాసి ఉంటుంది. వంద లింకులు ఒక గొలుసు, అంటే అరవై ఆరు అడుగులు. పక్క రైతులకు నోటీసిచ్చి, వారి ఎదుట రాయి నుంచి రాయికి గొలుసు లాగి, పుస్తకంతో సరిచూసుకోవాలి. అన్ని వైపులా కలిశాకే గీత వేయాలి. నేను ఆ చివరి మాటను మరిచాను.

వాయవ్య మూల రాయి సులభంగానే దొరికింది. ఈశాన్య మూల మిల్లు పక్కన కంప నరికించి వెతికితే ఏమీ లేదు. కొంత లోపలికి, సమాధుల మధ్య ఒక రాయి నిలబడి ఉంది. సున్నం గీకించి చూస్తే తల మీద ప్లస్ గుర్తు! నాకు ప్రాణం లేచొచ్చింది. గొలుసు లాగితే పుస్తకంలో ఆరువందలు, నేల మీద ఆరువందల మూడు. మూడు లింకుల తేడాను పుస్తకం రాసిననాటి గొలుసు సాగుడుకు సరిపెట్టుకోవచ్చు. తూర్పు వైపు కొలత రేపు చూద్దామనుకుని సున్నపు గీత వేయించాను. నాలుగైదు వరసల సమాధులు గీతకు ఆవల, మిల్లు వైపు పడ్డాయి. యజమాని మాకు చల్లటి మజ్జిగ తెప్పించాడు.

పుల్లన్న గీత దగ్గరే నిలబడి అన్నాడు: "సార్, అది మీ రాయి కాదు. నారమ్మ కూతురి తలకాడి రాయి. నేను తోడిన గుంతే అది."

నోటి మాటల మీద హద్దులు వేయనని కసిరాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వయసు నాది. పైగా రాయి మీద గుర్తుంది.

మర్నాడు తూర్పు వైపు కొలిచేసరికి అరవై లింకులు తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను, అంతే. సర్వేయరుకు అంతకంటే సిగ్గు లేదు. పుస్తకం ప్రకారం మూల ఎక్కడుండాలో అక్కడ మేకు దిగ్గొట్టించి, తవ్వమని పుల్లన్ననే బతిమాలాల్సి వచ్చింది. అతను గడారి ఎత్తి నాలుగుచోట్ల నేల పొడిచి చూశాడు, ఐదోచోట ఆగాడు.

"ఈడ ఒకసారి తోడినారు సార్. తోడని నేల గడారిని ఎగదంతాది. ఇది మింగుతాది."

రెండడుగులు తీసేసరికి రాయి కూర్చున్న గుంత, దాని చుట్టూ బిగించిన గుండ్రాళ్ళు బయటపడ్డాయి. గోరీలు తవ్వే మనిషి నా హద్దు కనిపెట్టాడు. పాత గీత నా చేతులతోనే చెరిపించాను. సమాధులన్నీ లోపలికి వచ్చాయి. మిల్లు యజమాని ముఖం మాడ్చుకున్నా, పంచనామా మీద సంతకం పెట్టక తప్పలేదు.

ఇక మిగిలింది రాయి. వాంగ్మూలానికి నారమ్మను పిలిపించాను. నలభై అయిదేళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళ కిందటి కరువులో మొగుడూ పెళ్ళామూ కుందుర్పి వైపు నుంచి రోడ్డుకు కంకర కొట్టే కరువు పనికి వచ్చారట. పదేళ్ళ కూతురు వాంతులతో ఒక్క రోజులో పోయింది. అడ్డదిడ్డమైన గుండ్లు పెట్టడానికి తండ్రికి మనసొప్పక, కంపలో నిలువుగా కనబడిన ఈ రాయిని పెకలించి మోసుకొచ్చాడు. సర్వే రాయిని కదపడం నేరం, కానీ కదిపిన మనిషి అప్పటికే చనిపోయాడు, కేసు లేదు. రాయి మాత్రం తన చోటికి పోవాలి. కొత్తదానికి ఇండెంటు పెడితే నెలలు పడుతుంది, గోడ పని వచ్చే వారమే మొదలు.

ఆమె ఏడవలేదు. "రాయి మీదే సామీ, తీసుకోండి. బిడ్డ ఈడ ఉండాదని ఇంక నాకెట్ల తెలుస్తాది?" అంది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, దాన్నే ఇచ్చాను. సమాధి తూర్పు హద్దును ఆనుకునే ఉంది, మూల రాయి నుంచి సరిగ్గా అరవై లింకులు. ఆ కొలతను నా ఫీల్డు బుక్కులో రాసుకున్నాను. ఆమెకు చదువు రాదు కాబట్టి, మూలలో రాయి పాతించాక అక్కడి నుంచి సమాధి దాకా ఆమెనే నడిపించి, వేసిన అడుగులు లెక్కపెట్టించాను. ఇరవై ఒక్క అడుగులు వచ్చాయి. రెండోసారీ అంతే. ఈ లెక్క ఎవరూ ఎత్తుకుపోలేరని గొప్పగా చెప్పాను. పుల్లన్న నాలుగు గుండ్లు ఏరి ఆ చోట పేర్చాడు. నెల తిరక్కుండా గోడ కూలీలు వదులుగా ఉన్న రాళ్ళన్నీ ఏరి పునాదిలో వేశారని తర్వాత విన్నాను. లెక్క ఉందిగదా అనుకున్నాను.

1987లో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా సర్వే రాళ్ళ తనిఖీకి మళ్ళీ అక్కడికి వెళ్ళాను. పుల్లన్న పోయి మూడేళ్ళయిందన్నారు. మూల రాయిని కదపకుండా, దాని అవతల నుంచి గోడ తిప్పారు. నేను వెళ్ళేసరికి నారమ్మ అక్కడే ఉంది. కంకర కొట్టిన మోకాళ్ళు అరిగిపోయి నడుము వంగింది. రాయికి మడమ ఆనించి, గోడ పట్టుకుని, పైకే లెక్కపెట్టుకుంటూ బయల్దేరింది. ఇరవై ఒకటి దగ్గర ఆగి, కొంగులోని బొరుగులు, బెల్లం తీసి నేల మీద పెట్టింది.

చూస్తూనే నాకు తెలిసిపోయింది. అయినా గొలుసు వేయించాను. అరవై లింకులు ఆమెను దాటి ఎనిమిదడుగులు ముందుకు పోయాయి. ఆమె ఆగింది ఒక వరస ఇవతల, ఇంకెవరిదో సమాధి పక్కన. లెక్క మారలేదు, అడుగు పొట్టిదయింది.

చెప్పకుండా వచ్చేయవచ్చు. చెప్పాను. ఎన్నేళ్ళుగా తప్పు చోట పెడుతున్నానని అడిగింది. అడుగు ఏ ఏడు ఎంత తగ్గిందో ఏ పుస్తకం చెబుతుంది? తెలియదన్నాను. బొరుగులు పెట్టిన చోటును, గొలుసు ఆగిన చోటును మార్చి మార్చి చూసింది.

"ఏమప్పా, అనంతపురంలో నీళ్ళు లేవు గానీ, రాళ్ళు లేవా? ఆ పొద్దే ఇంగో రాయి పాతింటే సరిపోయింటాది గదా."

గొలుసు లాగే మా చైన్‌మన్‌ను పంపి గోడ అవతల పడి ఉన్న ఒక నిలువు బండ తెప్పించి, అరవయ్యో లింకు దగ్గర పాతించాను. అరగంట కూడా పట్టలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, సమాధి మీది రాయిని కదిలించాల్సి వచ్చిన ప్రతిచోటా, బదులు రాయి తెప్పించి పక్కన పడుకోబెట్టాకే గడారి వేయించేవాణ్ణి. ఈ నియమం మా మాన్యువల్‌లో లేదు.