ఉప్పుటేటి ఆటులో జింకు, రాగి రేకులు

కరెంటు లేని పల్లెలో సముద్రపు నీటితో చిన్న దీపమైనా వెలిగించగలమా అన్న ఆలోచనే నన్ను బోగోలు వైపు తీసుకెళ్ళింది. అరవైల మొదట్లో నేను కావలిలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. ఉప్పునీళ్ళ తొట్టిలో జింకు రేకు, రాగి రేకు ముంచి తీగలు కరెంటు కొలిచే మీటరుకు కలిపితే ముల్లు చటుక్కున లేచేది, కాసేపటికే వాలిపోయేది. రాగిని ఆనుకున్న నీటిలో ప్రాణవాయువు అయిపోవడమే కారణమని, పారే నీటిలో ముల్లు నిలబడుతుందని నా నమ్మకం. మా పెద్ద లెక్చరరు గారు మాత్రం ఇదంతా బల్లమీది ఆటేనని, ఆ తొట్టి వేరే పనికి కావాలని అన్నారు. ఆ ఆదివారమే బయలుదేరాను.

రేకులకు తీగలు అతికిన మస్తాన్ గారు కూడా వచ్చారు. ఆయనకు కావలి బజారులో రేకుపని అంగడి ఉంది. తన అతుకు ఏటిలో ఆగుతుందో లేదో చూడాలన్నారు. తెల్లవారి మొదటి బస్సులో బోగోలుకు, అక్కడినుంచి ఎద్దులబండిలో ఇసుకదారిన ఉప్పుటేటికి చేరేసరికి ఎండ ముదిరింది. పడవ నడిపే పోలయ్య, పోటు తగ్గి ఆటు మొదలైతేనే నీళ్ళు సముద్రంలోకి గట్టిగా లాగుతాయని చెప్పి, అందాకా మమ్మల్ని కూర్చోబెట్టి చేపలపులుసుతో అన్నం పెట్టించాడు.

ఆటు రాగానే రేకులు దించాం. ముల్లు లేచింది, అంతలోనే సున్నాకు పడింది. పైకి తీస్తే జింకు మీది అతుకు ఊడిపోయి ఉంది. మస్తాన్ గారి ముఖం చిన్నబోయింది.

"నీళ్ళ లాగుడికి ఆగలేదమ్మా. ఇంక పోదాం," అన్నారు.

"రేకు కొసన చిల్లు పొడవండన్నా. తీగ దూర్చి మెలేద్దాం," అన్నాను.

తీగ ముడి నీళ్ళకు పైన ఉండేలా రేకులను వెదురుగెడకు కట్టి, చీర బిగించి, నడుములోతు నీళ్ళలోకి దిగి గెడ పట్టుకున్నాను. మస్తాన్ గారు పడవలో మీటరు చూస్తూ కూర్చున్నారు. చేతులు తిమ్మిరెక్కినా వదల్లేదు. ముల్లు దిగిందా అని ఎన్నిసార్లు అడిగినా ఆయనది ఒకటే జవాబు: "ఆడనే ఉండాదమ్మా."

పొద్దు వాలేవేళకు ఆటు ముగిసి ఏరు కదలడం మానేసింది. ముల్లు మెల్లగా దిగసాగింది. నాకు నవ్వొచ్చింది.

"పడిపోతుంటే నవ్వతా ఉండారేందమ్మా?"

"నీళ్ళు ఆగినాయి కాబట్టే పడిపోతా ఉందన్నా."

ఆయన ఏటివైపు, మీటరువైపు మార్చి మార్చి చూసి, తానూ నవ్వేశారు.

ఆ రేకులతో ఏ ఇంట్లోనూ దీపం వెలగలేదు; జింకు కరిగిపోతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు కొత్తది కావాలి. అయినా లోహం నీటిని తాకే ఆ పలచని చోట ఏం జరుగుతుందో నా చేతులతో పట్టుకుని తెలుసుకున్నాను. ఏటిలో జరిగింది చెప్పాక పెద్ద లెక్చరరు గారు తొట్టిని మళ్ళీ అడగలేదు; అది నా దగ్గరే ఉండిపోయింది. ఇలాంటి ప్రయోగానికి వెళ్ళేవారికి ఒక్క మాట: ఆటు ఎప్పుడు మొదలవుతుందో ముందురోజే పడవవాళ్ళను అడిగి తెలుసుకుని బయలుదేరండి.