ప్రేమయ్య బరువూ, వంగిన హ్యాండిలు సైకిలూ

ప్రేమయ్యకున్నది ఒకటే అలవాటు. ఎవరు కనిపించినా తన బరువెంతో చెప్పేస్తాడు. కడపలో మా డిగ్రీ కాలేజీకి లైబ్రేరియన్‌గా వచ్చిన రోజున ప్రిన్సిపాల్‌కు దండం పెట్టి, "ప్రేమయ్య, సార్. నూట రెండు కిలోలు" అన్నాడు. మిగతావాళ్లు పేరు తర్వాత ఎమ్మే అనో, బీయెడ్ అనో చెప్పుకుంటారే, అంత గర్వంగా.

ఆటో ఎక్కేముందు చెప్తాడు. పెళ్లిలో ఎవరైనా కుర్చీ వేయబోతే చెప్తాడు. ఒకసారి ఆ మాట విన్న పెళ్లికొడుకు తండ్రి రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తెచ్చాడు. "చూసినావాప్పా, చెప్తే మర్యాద ఎట్ల పెరుగుతాదో!" అని ప్రేమయ్య మురిసిపోయాడు. పక్కనున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పోయిన జనవరిలో నా దగ్గరికొచ్చి, "రేసు సైకిల్ చూడల్లప్పా, తోడు రా" అన్నాడు.

"ఏం సైకిల్?"

"సన్న చక్రాలు, వంగిన హ్యాండిలు. ఆదివారం పొద్దున పుష్పగిరి దిక్కు గుంపుగా పోతాంటారే, ఆ రకం. ధర మాత్రం మనలాంటోళ్లకు అందేట్లుండల్ల."

మొదటి షాపాయన ఒక సైకిల్‌ను ఒంటిచేత్తో పైకెత్తి చూపించాడు. "ఈక మాదిరుండాది, చూడండి సార్!"

"ఈక సరే. నూట పద్దెనిమిది కిలోలు మోస్తాదా?"

నేను ఉలిక్కిపడ్డాను. "నిన్నటిదాకా నూట రెండే గదా!"

"రత్నమణి వంట బాగుండాదిలే" అన్నాడు. రత్నమణి అతని భార్య.

షాపాయన చక్రాన్నీ ప్రేమయ్యనూ మార్చి మార్చి చూసి, "నిదానంగా తొక్కితే మోస్తాది" అన్నాడు.

"నిదానంగా తొక్కితే నా బరువు తగ్గుతాదా?"

రెండో షాపులో ఎక్కి, పెడళ్ల మీద లేచి నిలబడ్డాడు. వెనక చక్రంలో టప్‌మని ఒక చువ్వ తెగింది. "ముందే చెప్తి గదా, నూట పద్దెనిమిదని!" అని షాపాయన్నే మందలించాడు. మూడో షాపుకు మా వార్త ముందే చేరినట్టుంది. మేం మెట్లెక్కుతుంటే ఆయన సైకిళ్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

చివరికి బస్సెక్కి కర్నూలు పోయాం. కండక్టర్‌కు కూడా బరువు చెప్పాకే టికెట్ తీసుకున్నాడు. అక్కడ మదార్ సాహెబ్ అనే ముసలాయన చిన్న కొట్టులో సైకిళ్లు బాగుచేస్తాడు. బరువు విని నవ్వని మనిషిని ఆ రోజే చూశాను.

"తేలికవి మీకొద్దు సార్. వెనక చక్రానికి ముప్పై ఆరు చువ్వలుండల్ల. టైరు రవ్వంత వెడల్పుండల్ల. ఫ్రేము ఇనుముదే మేలు. పాతదొకటి నా కాడ ఉండాది, కొత్త చక్రాలు కట్టిస్తా. కొత్తదాంట్లో సగం ధరకొస్తాది. ఎక్కండి, సీటు ఎత్తు చూస్తా."

ప్రేమయ్య నీళ్లు నమిలాడు. "నాకు సరిపోయేదానికన్నా నాలుగు అంగుళాలు దించు."

"అట్లయితే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి సార్. ఇంతకీ సైకిల్ ఎవరికి?"

ప్రేమయ్య నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "శిరీన్‌కప్పా" అన్నాడు గొంతు తగ్గించి.

శిరీన్ మా ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆదివారం గుంపుతో పోవాలని ఆశపడి ఒక షాపుకు వెళ్తే, "మీకు ట్రాక్టర్ కావల్ల మేడమ్" అన్నారట. అక్కడున్న వాళ్లంతా నవ్వారట. ఆ తర్వాత ఏ సైకిల్ షాపు గడపా తొక్కలేదు. రత్నమణికి ఒక్కదానికే చెప్పుకుంది.

"ఆ యమ్మ అడగలేక పాయ. నాకేం సిగ్గు? పుట్టినకాడి నుంచీ ఇదే పని గదా!"

"అందుకని ఆమె బరువు నీదని కడపంతా చాటుకుంటివా?"

"నా మీద ఇంకో పదహారు కిలోలేస్తే ఎవురికి కనబడ్తాదప్పా?"

ఆ షాపుల్లో నేను పడ్డ సిగ్గంతా గుర్తొచ్చి తిట్టాలనుకున్నాను. నవ్వొచ్చింది. (శిరీన్‌ను అడిగే ఇదంతా రాస్తున్నాను. "రాసుకోండి సార్, ఇప్పుడు తొమ్మిది కిలోలు తగ్గినా" అంది.)

సైకిల్ వచ్చింది. మొదటిసారి గుంపుతో పోవడానికి శిరీన్ జంకితే, "ముందు మనిద్దరమే పోదాంలేమ్మా, నేను తోడొస్తా" అని ప్రేమయ్య ఎవరిదో పాత సైకిల్ అడిగి తెచ్చుకుని బయలుదేరాడు. తొమ్మిదింటికి ఫోన్ చేశాను.

"యాడుండావప్పా?"

"చెన్నూరు కాడ, బజ్జీల బండి దగ్గర. శిరీన్ ముందరికి పాయ."

"తోడు పోతానంటివే!"

"తిరిగొచ్చేటప్పుడు పోతాలే." పక్కకు తిరిగి ఎవరితోనో, "ఇంకో నాలుగెయ్యప్పా, ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి" అనడం వినిపించింది.

అంతలో ఫోన్లో సైకిల్ గంట వినిపించింది. ఆ వెంటనే శిరీన్ గొంతు: "సార్! నేను పుష్పగిరి పోయి వచ్చేసినా. మీరింకా ఈడనే ఉండారా?"

ప్రేమయ్య ఫోన్ కట్ చేశాడు.